అన్‌డూ లేని పాట

ఆషాఢంలో ఎల్లమ్మ కల్యాణం వచ్చిందంటే బల్కంపేటలో మా గల్లీకి నిద్ర ఉండదు. ఒక పక్క డప్పులు, ఇంకో పక్క డీజే బండి. పాటలు పాతవే, కింద బీటు మాత్రం కంప్యూటర్‌ది. జానపదాన్ని పాడుచేస్తున్నారని నా స్నేహితులు కొందరు విసుక్కుంటారు. నాకలా అనిపించదు. మన బరాత్‌లలో మోగే మర్ఫా కూడా నిజాం కాలంలో ఆఫ్రికా, అరబ్బు మూలాలున్న వాళ్లతో వచ్చిందే. కలవడమే తప్పైతే హైదరాబాదే ఉండదు. నన్ను తొలిచే ప్రశ్న వేరే: కలిపేటప్పుడు ఎవరు ఎవరికోసం సర్దుకుంటున్నారు?

ఆ ప్రశ్న నా తప్పులోంచే వచ్చింది. రెండేళ్ల కింద ఒక బైండ్ల పెద్దాయన జమిడిక వాయిస్తుంటే రికార్డు చేశాను. ఎల్లమ్మ కథ చెప్పేటప్పుడు బైండ్లవాళ్లు వాయించే వాద్యం అది. ఒకవైపు తోలు మూసిన చిన్న డోలు, ఆ తోలుకు కట్టిన తీగ. తీగను ఒక చేత్తో లాగిపట్టి ఇంకో చేత్తో మీటుతారు. బిగిస్తే స్వరం పైకి పోతుంది, వదిలితే కిందికి జారుతుంది.

ఇంటికొచ్చి అందులోంచి ఒక ముక్క కోసి, క్వాంటైజ్ చేశాను. అంటే ప్రతి దెబ్బనూ జరిపి గడియారం గీత మీద కూర్చోబెట్టడం. దాన్ని లూప్ చేసి కింద సింథ్ బేస్ పెట్టాను. నా చెవికి బ్రహ్మాండంగా ఉంది. ఆయనకు వినిపించాను.

"మంచిగుంది బిడ్డా," అన్నాడు. కాసేపాగి, "గాని ఈడ నేను ఆగిన గదా. అమ్మకు కోపమొచ్చే జాగ అది. నన్నెందుకు ఆగనియ్యలే?"

ఆలస్యం అనుకుని నేను సరిదిద్దింది కథని.

ఆ ఫైలు చాన్నాళ్లు తెరవలేదు. ఈలోగా ఇస్తాంబుల్‌కు చెందిన ఐలాండ్‌మ్యాన్ అనే ఎలక్ట్రానిక్ బృందం రికార్డు ఒకటి విన్నాను. 2021లో వచ్చింది. అందులో వాళ్లతోపాటు బాలమా అనే పొడుగుమెడ తంత్రీవాద్యంతో ముహ్లిస్ బెర్బెరోలు, 1939లో పుట్టిన తాళవాద్యకారుడు ఓకాయ్ తెమిజ్ ఉన్నారు. టర్కీలో జానపదాన్ని కరెంటు వాద్యాలతో కలపడం 1960ల నుంచీ ఉన్నదే. నన్ను పట్టుకున్నది రికార్డు చేసిన పద్ధతి: డైరెక్ట్ టు డిస్క్. వాళ్లు వాయిస్తుండగానే సూది డిస్కు మీద గాడి కోస్తూ పోతుంది. తర్వాత ముక్కలు కోయడం, అతికించడం, జరపడం కుదరదు. తప్పు పోతే ఆ వైపు మొత్తం మళ్లీ మొదలు.

అమీర్‌పేటలో జావా నేర్చుకుని బతుకుతున్నవాణ్ని. నా పనిలో వెనక్కి వెళ్లగలగడమే భద్రత. కానీ జమిడిక ఫైలు దగ్గర ఆ భద్రత నా ఒక్కడికే ఉంది. ఆయన వాయించి వెళ్లిపోయాడు, నేను రాత్రంతా కూర్చుని దిద్దాను. శాంపిల్ ఎదురు మాట్లాడదు. అదే ఎదురుగా కూర్చుని వాయించే మనిషైతే ఆగగలడు, వేగం మార్చగలడు, నన్ను కాదనగలడు. డబ్బూ, పేరూ ఎలాగూ ఇవ్వాల్సినవే. వాటితోపాటు కాదనే వీలు కూడా ఇచ్చామా అన్నదే నా దృష్టిలో నీతి.

డీజే బండి దగ్గర ఇది కుదరదంటారు. నిజమే, వందలమంది ఎగరాలంటే బీటు నిలకడగా ఉండాలి. ఆ సంతోషాన్ని తక్కువ చేయను. కాకపోతే ఆ నిలకడ కోసం ఎవరి ఆగడాన్ని చెరిపేశామో తెలిసుండాలి.

పోయిన ఆషాఢంలో పెద్దాయన దగ్గరికి మళ్లీ వెళ్లాను. ఈసారి క్లిక్ లేదు, లూప్ లేదు. నాబ్‌లు చేత్తో తిప్పుకుంటూ ఆయన వెనకే నడిచాను. కోపం జాగ వచ్చింది. ఆయన ఆగాడు. నేను ఆగలేకపోయాను. నా బేస్ ఒక్కటే గదిలో మోగుతూ మిగిలింది. ఆయన నవ్వాడు.

"ఇది గూడ దిద్దుతవా?"

దిద్దలేదు. ఇప్పటికీ అలాగే ఉంది.