విలువ లేనిదా? విలువ కట్టలేనిదా?



మన డెల్టాలోని ఒక విచారణలో చాలా ఏళ్లు సేవ చేసిన ఉపదేశిగారికి వీడ్కోలు సభ జరిగింది. కాలేజీలో చదువుకుంటున్న ఒక అబ్బాయి సన్మానపత్రం చదువుతూ, ఆయన సేవ ‘ఇన్‌వాల్యుబుల్’ అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. పెద్దాయన ముఖం మాత్రం చిన్నబోయింది.

సాయంత్రం జపమాల అయ్యాక ఆయన నా దగ్గరకు వచ్చారు. “ఫాదర్ గారూ, ‘ఇన్‌కరెక్ట్’ అంటే సరికానిదని కదండీ. మరి ‘ఇన్‌వాల్యుబుల్’ అంటే విలువ లేనిదనేగా? ఇన్నేళ్లు నేను చేసిందంతా వృథాయేనంటారా?” అని అడిగారు.

అటువంటి పొరపాటు ఎవరికైనా సహజమే. ‘వాల్యూ’ అంటే విలువ మాత్రమే కాదు, విలువ కట్టడం కూడా. అందుచేత ‘ఇన్‌వాల్యుబుల్’ అంటే విలువ కట్టనలవి కానిది. విలువ లేనిదాన్ని ‘వాల్యూలెస్’ అంటారు. మన తెలుగులోనూ ఇటువంటి మాట ఉంది. ‘అమూల్యం’ అంటే మూల్యం లేనిదని కాదు, ఎంత మూల్యమిచ్చినా చాలనిదని. ఒకరి సహాయానికి, సలహాకు, సేవకు ‘ఇన్‌వాల్యుబుల్’ అనే మాట చక్కగా తగుతుంది. దానికి ముందు ‘వెరీ’ చేర్చనక్కరలేదు. కొలతకు అందనిదానికి ‘చాలా’ ఎందుకు?

ధవళేశ్వరం ఆనకట్టనే చూడండి. కాటన్ దొరగారి ఆధ్వర్యంలో 1847లో పని మొదలై 1852లో ముగిసింది. దానికైన ఖర్చును లెక్క కట్టవచ్చు. కాని అప్పటినుండి మన చేలకు పారిన నీటికి, మన కంచాల్లోకి వచ్చిన అన్నానికి వెల కట్టగలవారెవరు?

యూదా 30 వెండి నాణేలకు ప్రభువును అప్పగించాడు. పునీత పేతురుగారు మాత్రం తన మొదటి లేఖలో, మన విమోచనకు వెండి బంగారాలు చాలలేదని, క్రీస్తు అమూల్య రక్తమే అందుకు వెల అయిందని బోధించారు. అంత వెల పెట్టి కొన్న మనిషిని మనం ఏ లెక్కన చూస్తున్నాం? పెళ్లి సంబంధం మాట్లాడేటప్పుడు పిల్లవాడికి ధర పెడుతున్నాం. సంపాదన ఆగిన తండ్రిని, మంచం పట్టిన తల్లిని ఖర్చు కింద రాస్తున్నాం. మాటలో తప్పు దిద్దుకోవడం తేలిక. ఈ తప్పు మాటేమిటి?

అర్థం విడమరచి చెప్పాక ఉపదేశిగారు కండువాతో కళ్లు తుడుచుకున్నారు. “ఈ మాట ఇన్నాళ్లూ నాతో ఎవరూ అనలేదండీ” అన్నారు. నేను తల దించుకున్నాను. అనవలసినవారిలో నేనూ ఒకణ్ణి.

ఈ ఆదివారం పూజనుండి ఇంటికి వెళ్లాక, మీ ఇంటి పెద్దల దగ్గర కాసేపు కూర్చోండి. ఇంగ్లీషు అవసరం లేదు. వారు మీకు అమూల్యమని తెలుగులోనే చెప్పండి. వీడ్కోలు సభ దాకా ఆగకండి.

ప్రభువు మిమ్ములను దీవించునుగాక. ఆమెన్.