చేతిపని చదువుకు తక్కువా?



ఆరు నుంచి ఎనిమిదో తరగతి పిల్లలు పది రోజులు పుస్తకాల సంచి లేకుండా వడ్రంగి, కుమ్మరి, తోటమాలి వంటివారి దగ్గర పని నేర్చుకోవాలని 2020 జాతీయ విద్యా విధానం చెబుతోంది.

"మా ఇంట్లోనే కొలిమి ఉంది, ఇక బడి ఎందుకు?" అనవచ్చు. పని నేర్పడం వేరు, పనికి కట్టేయడం వేరు. కాలిన ఇనుము ఎందుకు సాగుతుందో మన పిల్లలు బడిలో తెలుసుకోవాలి. సుత్తి బరువెంతో బడి పిల్లలందరికీ తెలియాలి.

గురు నానక్ దేవ్ జీ మలిక్ భాగో విందు కాదని, వడ్రంగి భాయి లాలో రొట్టె తిన్నారు. కిరత్‌కు ఉన్న గౌరవం అది.

సోదర సోదరీమణులారా, పిల్లల్ని బడి మాన్పించకండి. మీ విద్యను సిగ్గుతో దాచకండి. బడివారు పిలిస్తే పనిముట్లతో వెళ్ళి నేర్పండి.