యాప్యవ్యాధియు యోధుని భృతియు

మహాభారత సభాపర్వమున నారదమహర్షి ఇంద్రప్రస్థమునకు విచ్చేసి, కుశలప్రశ్నల నెపమున ధర్మరాజును రాజధర్మమునంతటిని గూర్చి ప్రశ్నించినాడు. కోశము, దుర్గము, చారులు, సేద్యము - దేనిని విడువలేదు. ఆ ప్రశ్నలలో రెండింటిని ఇచట స్మరింపవలసియున్నది. నీ నిమిత్తము మృత్యువు వాత బడినవారి భార్యలను, ఆపదల పాలైనవారి భార్యలను పోషించుచున్నావా యనునది యొకటి. గ్రుడ్డివారిని, మూగవారిని, కుంటివారిని, దిక్కులేనివారిని తండ్రివలె కాపాడుచున్నావా యనునది మఱియొకటి. మొదటిది ఋణమునకు సంబంధించినది. రెండవది దయకు సంబంధించినది. ఈ రెండింటిని మహర్షి ఒకే ప్రశ్నగా కలిపివేయక వేఱువేఱుగ నడుగుటలోనే ధర్మసూక్ష్మమున్నది.

అయితే రాజకార్యమున దేహము చెడిన యోధుడు ఔషధసేవచే కొంత తేఱుకొన్నచో అతని భృతి తగ్గవలెనా, తగ్గరాదా యని నారదుడు అడుగలేదు. అడుగవలసిన అవసరము ఆనాడు అంతగా లేకపోయెను. తెగిన చేయి తిరిగి మొలవదు, పోయిన కన్ను తిరిగి రాదు. వైద్యము మిక్కిలి పెరిగిన ఈ కాలముననే ఈ సందేహము బలపడినది. అమెరికా దేశమున ఇది కొన్ని సంవత్సరములుగా న్యాయస్థానములను, ప్రభుత్వమును, మాజీ సైనికుల సంఘములను కలచివేయుచున్నది. పరదేశపు వ్యవహారమని త్రోసివేయదగినది కాదు. ధర్మవిచారమునకు ఎల్లలు లేవు.

ఆ దేశమున అంతర్యుద్ధము జరుగుచుండగా 1862లో వైకల్యము పొందిన సైనికులకు పింఛను నిచ్చు చట్టము వెలువడినది. మొదటి ప్రపంచ సంగ్రామమున ప్రవేశించిన 1917వ సంవత్సరమున వైకల్యమును శాతములలో కొలుచు పద్ధతి ఏర్పడినది. నేడు వాడుకలోనున్న పట్టికకు మూలము 1945 నాటిది. సున్న మొదలు నూఱు వఱకు పదేసి చొప్పున మెట్లు. ఆ శాతమునకు చట్టము చెప్పు అర్థమేమనగా, అట్టి వ్యాధి గలవాని సంపాదనశక్తి సగటున ఎంత తఱుగునో అంత. ఇచట 'సగటున' అనుమాట ముఖ్యము. మోకాటికి దిగువ కాలు తెగి, కృత్రిమపాదము అమర్చుకొనుటకు వీలుగా నున్నచో నలువది శాతము. ఆ కాలితో అతడు న్యాయవాదియై ధనికుడైనను, కూలియై పస్తులున్నను శాతము అదియే. కృత్రిమపాదముతో పరుగు పందెములో గెలిచినను తగ్గదు. పట్టిక వ్రాసినవారు ఆ సాధనమును ముందుగనే లెక్కలోనికి తీసికొనిరి.

చిక్కు వచ్చునది కంటికి కనబడని వ్యాధులతోడనే. ఒక మాజీ సైనికునికి తీవ్రమైన పార్శ్వశూల. మాత్ర వేసికొన్న దినములలో కార్యాలయమునకు పోయి పని చేయగలడు. మాత్ర లేని దినమున చీకటిగదిలో కన్నులు మూసికొని పడియుండును. ఇతని వ్యాధిని కొలువవలసినది మాత్ర వేసికొన్న దినముననా, వేసికొనని దినముననా?

పూర్వపక్షము తేలికగా త్రోసిపుచ్చదగినది కాదు. నిమిత్తము తొలగినచో నైమిత్తికమును తొలగునని శాస్త్రకారుల న్యాయము. బాధయే భృతికి నిమిత్తమైనపుడు, బాధ తగ్గినను భృతి తగ్గకుండుట ఎట్లు? అంతేకాదు. రాజకోశము రాజు సొత్తు కాదు, ప్రజల చెమట. ఒకే వ్యాధి గల ఇద్దఱు యోధులలో ఒకనికి ఔషధము పనిచేసి సుఖముగ నున్నాడు. మఱియొకనికి ఏ ఔషధమును పనిచేయక మంచము పట్టినాడు. ఇద్దఱికి సమానమైన భృతి నిచ్చుట సమత్వమా, సమత్వమను పేర అన్యాయమా? ఈ ప్రశ్న అడుగువారు యోధుల యెడ ద్వేషముతో అడుగుచున్నారనుకొనుట సరికాదు.

దీనికి సమాధానము వెదకుటకు ధర్మశాస్త్రములకంటె ముందు వైద్యశాస్త్రమును తెఱచుట మేలు. ఆయుర్వేదాచార్యులు వ్యాధులను సాధ్యములు, యాప్యములు, అసాధ్యములు అని విభజించిరి. సాధ్యము చికిత్సచే నశించును. అసాధ్యము చికిత్సకు లొంగదు. ఈ రెండింటి నడుమ నున్నది యాప్యము. చికిత్స సాగునంతవఱకే ఇది అణగియుండును; చికిత్స ఆగిన తోడనే రోగిని పడద్రోయును. సుశ్రుతుడు దీనికి చెప్పిన ఉపమానము ఎంతయు రమ్యము. కూలబోవుచున్న ఇంటికి నేర్పుతో అమర్చిన ఊతకంబము వంటిదట యాప్యరోగికి చికిత్స. ఇల్లు నిలిచియున్నది నిజమే. లోపల దీపము వెలుగుచున్నది, వంట జరుగుచున్నది, పిల్లలు ఆడుకొనుచున్నారు. అంతమాత్రమున ఆ ఇల్లు గట్టిపడినదని ఏ తాపీమేస్త్రియు చెప్పడు. గోడలో బీటలు బీటలుగనే యున్నవి. ఆ కంబమును దినదినము కనిపెట్టియుండవలసిన భారము గృహస్థునిదే.

ఈ దృష్టితో చూచినచో పూర్వపక్షములోని దోషము తెలియును. నిమిత్తము తొలగిన మాట సాధ్యవ్యాధి విషయమున సత్యము. యాప్యవ్యాధిలో తొలగినది నిమిత్తము కాదు, దాని వెలుపలి రూపము మాత్రమే. మాత్రలవలన కలుగు మాంద్యము, నిద్రలేమి, కడుపునొప్పి మొదలగు ఉపద్రవములను ఎవరు అనుభవింపవలెను? మందు దొఱకని ఊరికి పోయిన దినమున, పదియేండ్ల పిమ్మట ఆ మందు దేహమునకు అలవాటై పనిచేయని దినమున ఆ యోధుని గతి యేమి? ఇవన్నియు ఆ 'సుఖము' నకు అతడు చెల్లించు మూల్యము. మూల్యము చెల్లించినవాని వద్ద ఆ సుఖమునే కారణముగ జూపి భృతిని కూడ లాగికొనుట రెండుమార్లు పన్ను వేయుట వంటిది.

మాజీ సైనికుల అప్పీళ్లను విచారించుటకు అమెరికాలో ప్రత్యేక న్యాయస్థానమొకటి కలదు. పేగుల వ్యాధితో బాధపడు ఒక సైనికుని వివాదమున 2012లో అది యిచ్చిన తీర్పు మీమాంసకులకు ప్రీతి కలిగించునట్టిది. పట్టికలో ఏ వ్యాధికి ఎదుట ఔషధప్రసక్తి యున్నదో అచట ఔషధఫలమును లెక్కింపవచ్చును. ఎచట పట్టిక మౌనముగ నున్నదో అచట ఔషధమువలన కలిగిన ఉపశమనమును చూపి శాతమును తగ్గింపరాదు. విధివాక్యము పలికినంతవఱకే ప్రమాణము, పలుకనిదానిని కల్పించుకొనరాదనుటయే గదా ఇది! పట్టికలోని ప్రసక్తులును విచిత్రములు. మధుమేహము పథ్యముచేతనే అదుపులో నున్నచో పది శాతము. పథ్యముతో పాటు మాత్రలో ఇన్సులినో అవసరమైనచో ఇరువది. దినమును పీల్చుమందు వాడవలసిన ఉబ్బసమునకు ముప్పది. అనగా ఇచట ఔషధము వ్యాధిని తగ్గించి చూపుటలేదు, దాని బరువును కొలుచు తూనికరాయి యగుచున్నది. మనోవ్యాధులలో మాత్రము నిరంతర ఔషధసేవచే అణగియున్న లక్షణములకు పది శాతమే చాలునని నిర్ణయించిరి.

2025లో ఆ న్యాయస్థానమే ఎముకలకు, కీళ్లకు సంబంధించిన వ్యాధులకును ఈ సూత్రము వర్తించునని పలికినది. ఔషధము లేనిచో ఆ కీలు ఎంత వంగును, ఎంత నొచ్చునో వైద్యుడు అంచనా వేయవలెనన్నమాట. ఇచట ప్రభుత్వపక్షమువారి కష్టమును గుర్తింపవలసియున్నది. వైద్యునికి ప్రత్యక్షమైనది మందు వాడుచున్న దేహము. వాడని దేహము అతనికి అప్రత్యక్షము. దానిని అనుమానప్రమాణముచే సాధింపవలెను. రోగి మాట, వెనుకటి చికిత్సాపత్రములు, ఇంటివారి సాక్ష్యము - ఇవియే హేతువులు. 2026 ఫిబ్రవరిలో అక్కడి మాజీ సైనికుల శాఖ, ఔషధముతో కూడిన స్థితినే కొలువవలెనని ఒక నియమమును ప్రకటించినది. సంఘముల నిరసన పెల్లుబికినది. కొలదిదినములలోనే ఆ నియమమును అమలుచేయబోమని శాఖాధిపతి ప్రకటింపవలసివచ్చినది.

వ్యాధి నిజముగ నశించినచో? అపుడు మాట వేఱు. క్యాన్సరు చికిత్స జరుగుచున్నంత కాలము నూఱు శాతము నిత్తురు. చికిత్స ముగిసిన ఆఱుమాసములకు పరీక్షించి, మిగిలిన వైకల్యమునుబట్టి నిర్ణయింతురు. ఇందు తప్పెన్నవలసినది లేదు. సాధ్యవ్యాధిని సాధ్యవ్యాధిగ చూచుట న్యాయమే. అటులనే, రోగము పూర్తిగ కుదిరియు పరీక్షకుని ఎదుట మాత్రము కుంటుచు నడచువాడు తోటియోధుల భాగమును దొంగిలించుచున్నాడని చెప్పుటకు సందేహింపనక్కఱలేదు.

కాని తగ్గింపునకును ఒక మర్యాద కలదు. అఱువది దినములు ముందుగ తెలిపి, ఎదురుసాక్ష్యమునకు అవకాశ మీయవలెను. ఐదేండ్లు స్థిరముగ నున్న శాతమును ఒక్క పరీక్షతో తగ్గింపరాదు. సామాన్యజీవన పరిస్థితులలో ఆ మెఱుగు నిలుచునని తేలవలెను. వ్యాధికి సైనికసేవతో సంబంధమున్నదని పదియేండ్లు అంగీకరించిన పిమ్మట, మోసము బయటపడినగాని, అసలు తగిన సేవయే లేదని తేలినగాని, ఆ సంబంధమును కాదనరాదు. ఇరువదియేండ్లు నిలిచిన శాతమును మోసము తేలిననే తప్ప తగ్గింపరాదు. యాజ్ఞవల్క్యస్మృతిలో యజమాని చూచుచు మిన్నకుండగా ఇతరుడు అనుభవించిన ధనమునకు పదియేండ్లు, భూమికి ఇరువదియేండ్లు గడువు చెప్పబడినది. ఒకదానినుండి ఒకటి వచ్చినదని కాదు, విషయములును వేఱు. దీర్ఘకాలముగ ఒకదానిపై ఆధారపడి కాపురము కట్టుకొన్నవానిని హఠాత్తుగ కదల్చరాదను బుద్ధి ఇరుచోటుల నొకటే యగుట చూడ ముచ్చటగ నున్నది.

ఈ విచారమునకంతటికి మూలమైన గండము మఱియొకటి కలదు. అది ధనమునకు సంబంధించినది కాదు. రోగి వైద్యునితో సత్యము పలుకవలెను. 'అయ్యా, ఈ మందుతో నాకు నిద్ర పట్టుచున్నది' అని చెప్పిన తోడనే భృతి తగ్గునని భయము పట్టినచో ఏమగును? సంసారి యైనవాడు ఆ మాటను మ్రింగివేయును. లేదా మందునే మానివేయును. మొదటిది సత్యహాని, రెండవది దేహహాని. శరీరమును కాపాడుకొనుట ధర్మసాధనములలో మొదటిదని పెద్దలు చెప్పగా, ఆ కాపాడుకొనుటకే దండన విధించు నియమమును ధర్మమందుమా? వైద్యశాలను నడుపునదియు, భృతి నిచ్చునదియు ఒకే శాఖ యైనపుడు ఈ భయము ఇంకను దట్టమగును. వైద్యుడు రోగికి చారునివలె కనబడును. కౌటిల్యుడు సైతము పని యందు మరణించినవారి భార్యాబిడ్డలకు భృతిని విధించెనేగాని, దుఃఖము తగ్గినదా లేదాయని ఏటేట కొలిచి తగ్గించుమనలేదు. చారులను గూర్చి అంత వ్రాసినవాడు ఆ పనిని చారులకు అప్పగింపలేదు!

మన దేశమునను ఈ ప్రశ్న లేకపోలేదు. సైనికసేవవలన వైకల్యము కలిగి వచ్చినవారు పూర్వము కొన్నియేండ్లకొకమాఱు పునఃపరీక్షా వైద్యమండలి ఎదుట నిలువవలసియుండెడిది. దూరపు పల్లెలనుండి సైనికాసుపత్రికి పయనమై, తమ వ్యాధి ఇంకను పోలేదని మరలమరల ఋజువు చేసికొనవలసిన దుఃస్థితి. 2001 ఫిబ్రవరి 7వ తేదీ నాటి భారతప్రభుత్వపు ఉత్తరువు ఈ పద్ధతిని మాన్పినది. శాశ్వతమని తేల్చిన వైకల్యమునకు ఒకమాఱు నిర్ణయించిన శాతము యావజ్జీవము నిలుచును. శాశ్వతము కానిదానికి నియమితకాలమున ఒకే యొక పునఃపరీక్ష. అందు తేలినదే తుదిమాట. ఆపైన మరల పరీక్షింపుమని అడుగు అధికారము ఆ యోధునికే విడువబడినది. వ్యాధి ముదిరినదని తోచినచో అతడే వచ్చి తలుపు తట్టవలెను. అతని తలుపును మాత్రము ఎవరును తట్టరు.