మాటను దిద్దవచ్చు, మనిషిని చిన్నబుచ్చవచ్చునా?

1997 నుండి 2007 వరకు ఛానెల్ 5లో ప్రసారమైన ‘ఫువా చూ కాంగ్ ప్రైవేట్ లిమిటెడ్’ అనే హాస్య ధారావాహికను మనలో పెద్దవారు మరచిపోయి ఉండరు. చూ కాంగ్ ఇళ్ల మరమ్మతులు చేసే కాంట్రాక్టరు. పసుపుపచ్చ బూట్లు, బుగ్గపై పుట్టుమచ్చ, నోటినిండా సింగ్లీష్. తమ్ముడు చూ బెంగ్ చదువుకున్న ఆర్కిటెక్టు. తమ్ముని భార్య మార్గరెట్‌కు బావగారి మాటతీరు తలవంపుగా ఉండేది. తల్లి, కొడుకులు, కోడళ్లు ఒకే కప్పు క్రింద ఉంటూ ఒకరినొకరు నొప్పించుకొనేవారు. మనము నవ్వుకొనేవారము.

1999 నాటి నేషనల్ డే ర్యాలీ ప్రసంగంలో ప్రధానమంత్రి గో చోక్ టోంగ్ గారు చూ కాంగ్ ఇంగ్లీషు తరగతులకు వెళ్లడం మంచిదన్నారు. పిల్లలు అతని మాటనే అనుకరిస్తున్నారని ఉపాధ్యాయులు వాపోతున్న కాలమది. నేనూ ఉపాధ్యాయవృత్తిలోనే ఉన్నాను గనుక ఆ మాటను మనసారా సమర్థించాను. తప్పును దిద్దుట గురువు ధర్మము కదా!

కాని ఆ ధర్మాన్ని నేను ఇంటిలో ఎట్లా పాటించానో చెప్పాలి.

మా ముత్తాత ఉత్తరాంధ్ర నుండి ఒప్పంద కూలీగా మలయా కొబ్బరితోటలకు వచ్చారు. మా ఇంటి తెలుగు ఆ తోటలలో మిగిలిన తెలుగే. బడిలో నాకు తెలుగు లేదు, తమిళం చదివాను. అన్నయ్య చదువు మాని వర్క్‌షాపులో చేరి నన్ను చదివించాడు. ఉద్యోగ విరమణ తరువాత నేను సాయంకాలపు తరగతిలో తెలుగు అక్షరాలు దిద్దాను. మొదటి సంవత్సరం పూర్తయ్యేసరికి నాకు కొంత గర్వం కలిగింది.

ఒకనాడు పాయా లేబర్‌లోని మా ఇంటికి అతిథులు వచ్చారు. వారిలో ఒకరిని అన్నయ్య ఆప్యాయంగా, “ఏటి బాబూ, కులాసానా?” అని పలకరించాడు. నేను వెంటనే, “‘ఏటి’ కాదు అన్నయ్యా, ‘ఏమిటి’ అనాలి” అన్నాను. అందరూ నవ్వారు. అన్నయ్యా నవ్వాడు. కాని ఆనాటి నుండి నాతో ఇంగ్లీషులోనే మాట్లాడుతున్నాడు.

తరువాత తరగతిలో గురజాడ అప్పారావు గారి ‘కన్యాశుల్కం’ గురించి విన్నాను. 1892లో విజయనగరంలో మొదటిసారి ప్రదర్శించిన ఆ నాటకంలో అక్కడి జనుల నోటి మాటకే సాహిత్య గౌరవం దక్కిందని మా గురువుగారు చెప్పారు. ‘ఏటి’ అనే మాట నేటికీ ఆ ప్రాంతంలో సజీవంగా ఉన్నదని కూడా చెప్పారు. నేను తప్పు అన్నది మా ముత్తాత ఊరి మాటనే!

ఒకవేళ అది నిజంగా తప్పే అయినా, నలుగురి ముందు దిద్దడం నా తప్పే. ఉపాధ్యాయుడు విద్యార్థిని దిద్దితే చదువు పెరుగుతుంది. చదివించినవానిని చదువుకున్నవాడు నలుగురిలో దిద్దితే ఋణం మరచినట్లవుతుంది. మార్గరెట్‌ను చూసి నవ్విన నేను, మా ఇంటిలో మార్గరెట్‌నే అయ్యాను.

ఈ ఉగాదికి అన్నయ్య వచ్చినప్పుడు గుమ్మంలోనే, “ఏటి అన్నయ్యా, ఇంత ఆలస్యం?” అన్నాను. ఆయన క్షణకాలం నా ముఖం చూశాడు. జవాబు ఇంగ్లీషులోనే ఇచ్చాడు. కాని పచ్చడి రెండవసారి అడిగి తిన్నాడు.

మన పిల్లలకు మంచి తెలుగు నేర్పుదాము. దానితోబాటు, ఇంటిలోని పెద్దల తెలుగును ముందుగా చెవియొగ్గి వినడం కూడా నేర్పుదాము.