ఒకే మాట – రెండు అర్థములు



పరభాషవానితో మాటలాడునపుడు మనము జాగ్రత్తపడుదుము. మెల్లగా పలుకుదుము, తెలిసినదా అని మరల అడుగుదుము. మన భాషయే పలుకువానితో ఆ జాగ్రత్త యుండదు. అపార్థము తరచుగా అచ్చటనే పుట్టుచున్నది.

ఆంగ్లభాషను చూడుడి. విశ్రాంతిదినమున శిష్యులు చేలలో త్రుంచి తినినది 1611వ సంవత్సరపు ఆంగ్ల బైబిలులో ‘కార్న్’ అని యున్నది. ఇంగ్లాండు రైతుకు కార్న్ అనగా ధాన్యము, ముఖ్యముగా గోధుమ. అమెరికా రైతుకు అది మొక్కజొన్న. 1492కు ముందు ఆ పంట అమెరికా ఖండములు దాటి రానేలేదు. మన తెలుగు బైబిలులో ‘వెన్నులు’ అని యున్నందున మనకీ చిక్కు లేదు.

రెండవ ప్రపంచ యుద్ధకాలమున ఆంగ్లేయ, అమెరికా సేనాధికారులు ఆలోచనసభలో కూడిరి. ఒక పత్రమును ‘టేబుల్’ చేయుదమని ఆంగ్లేయులనిరి. వారి దేశమున దానికి వెంటనే చర్చకు పెట్టుట అని అర్థము. అమెరికాలో ప్రక్కకు నెట్టివేయుట అని. అది ముఖ్యమైన సంగతి, మానరాదని అమెరికావారు పట్టుబట్టిరి. చాలసేపు కోపముతో వాదించిన పిమ్మట ఇరువురు కోరినది ఒక్కటేయని తేలెను. ఈ సంగతి చర్చిల్ తన యుద్ధచరిత్రలో వ్రాసెను.

1951 ఏప్రిల్ నెలలో, కొరియాలోని ఇమ్జిన్ నదియొద్ద, శత్రువులు చుట్టుముట్టుచుండగా ఆంగ్లేయ బ్రిగేడియర్ బ్రోడీ తన పై అమెరికా అధికారికి ‘పరిస్థితి కొంచెము చిక్కుగా నున్నది’ అనినట్లు చెప్పుదురు. పెద్ద ఆపదను చిన్న మాటతో చెప్పుట ఆంగ్లేయుల వాడుక. అమెరికా అధికారి ‘కొంచెము’ అను మాటనే నమ్మెననియు చెప్పుదురు. గ్లాస్టర్ దళమువారు ఐదువందలమందికి పైగా చెరపట్టబడిరి. దానికి ఆ ఒక్క మాటయే కారణమని చెప్పలేము; అయినను మాట బరువెంతటిదో చూడుడి.

తప్పెవరిది? ఎవరును అబద్ధమాడలేదు, ఎవరును కీడు తలపెట్టలేదు. కాబట్టి మంచి మనస్సు ఒక్కటే చాలదు. పలికినవాని బాధ్యత మాట పెదవి దాటుటతో తీరదు; అది పొరుగువాని మనస్సులో సరియైన అర్థముతో చేరవలెను. వినినవానికిని బాధ్యత కలదు. పూర్తిగా వినక జవాబు చెప్పుట తెలివితక్కువయని సామెతల గ్రంథము 18వ అధ్యాయము హెచ్చరించుచున్నది.

కావున ఒకని మాట ముల్లువలె గ్రుచ్చుకొనినపుడు, కోపపడుటకు ముందు, ‘నీవు ఏ అర్థముతో అంటివి?’ అని అడుగుదము. ఆ ప్రశ్నకు ఖర్చేమియు లేదు. కొంచెము గర్వము విడువవలెను, అంతే. ఎదుటివాడును మనము కోరినదే కోరుచున్నాడేమో!