పొడుచు ఎద్దునకు కట్టుత్రాడు



కంప్యూటరు చదువు ముగించిన మా సంఘపు యౌవనస్థుడొకడు ఇటీవల మమ్మునడిగెను: “అయ్యగారూ, సమాధానము కొరకు ప్రార్థించు మనము, యుద్ధ యంత్రములను శత్రువు చేజిక్కకుండ కాపాడు పని చేయవచ్చునా?”

ఈ ప్రశ్న మనకు దూరమైనది కాదు. శంషాబాదు విమానాశ్రయ పరిసరములలో మనుష్యుడెక్కని విమానములు, అనగా డ్రోనులు, తయారగుచున్నవి. అదానీ, ఇశ్రాయేలు దేశపు ఎల్బిట్ సంస్థలు కలిసి 2018 డిసెంబరులో హైదరాబాదున ఇట్టి కర్మాగారమును తెరచినవి. మన నౌకాదళము కొరకైన ‘దృష్టి 10’ను 2024 జనవరిలో హైదరాబాదుననే ఆవిష్కరించిరి. అది 36 గంటలు ఎగురగలదు.

దానిని నడుపువాడు నేలమీదనుండును. అతని ఆజ్ఞ రేడియో తరంగములపై పోవును. దొంగ పొంచియుండునది ఆ దారిలోనే. ఇరాకులో తిరుగుబాటుదారులు 26 డాలర్లకు దొరకు సాఫ్ట్‌వేరుతో అమెరికా డ్రోనులు పంపు చిత్రములను చూచుచుండిరని 2009లో బయటపడెను. ఆ చిత్రములను రహస్య లిపిలోనికి మార్చకయే పంపుచుండిరి. అంతేకాదు, దొంగ సంకేతములతో యంత్రమునకు దారి తప్పించవచ్చును. ఇస్సాకు స్వరమును అనుమానించియు, చేతులను తడివి చూచి మోసపోయెను గదా! కనుక యంత్రము ప్రతి ఆజ్ఞయందును యజమానుని రహస్యపు గురుతును వెదకవలెను. అది లేనియెడల ఆజ్ఞను త్రోసివేయవలెను.

ఇక ఆ యౌవనస్థునికి మేమేమి చెప్పితిమి? నిర్గమకాండము 21వ అధ్యాయమున పొడుచు ఎద్దును గూర్చిన న్యాయవిధి కలదు. ఎద్దు పొడుచునని యెరిగియు దానిని కట్టివేయని యజమానుడు దోషి. పశువును పెంచువారికి ఇది చక్కగా బోధపడును. ప్రాణము తీయగల యంత్రమును చేసి, త్రాడు పరుల చేతికి చిక్కునట్లు విడిచినవాడును అట్టివాడే. దొంగ ఆజ్ఞతో గ్రామముపై బాంబు పడినయెడల, చనిపోయిన బిడ్డ తల్లి ఎవరిని అడుగవలెను? కావున కాపాడుట పాపము కాదు.

అయితే రెండవ మాటయు చెప్పితిమి. త్రాడు గట్టిదైనంత మాత్రమున యజమానుడు నీతిమంతుడు కాడు. ఆజ్ఞ ఎవరిదో తాళము చెప్పును. అది న్యాయమైనదో కాదో చెప్పదు. పైగా తాళము గట్టిపడిన కొలది, “ఎవడో దొంగ చేసెను” అని తప్పించుకొను దారి యజమానునికి మూసికొనిపోవును. ఆ పని చేయు చేతులు నమ్మకముగా చేయవలెను. ఆ నోరు మాత్రము, అన్యాయపు ఆజ్ఞ వచ్చిన దినమున, మౌనముగా నుండరాదు.