పిలిచేవాడి వంతు ఎంత?

ఆపదలో పిలిచేవాడు తానెక్కడున్నాడో కూడా చెప్పుకోవాలా? గజేంద్రుడు చెప్పలేదు. మడుగు ఎక్కడుందో చూసుకోవలసిన పని విన్నవాడి మీదే పడింది. ఆళ్లగడ్డ దగ్గరి అహోబిలంలో, నరసింహుడు చీల్చుకు వచ్చిన స్తంభమని ఉగ్రస్తంభాన్ని చూపిస్తారు. అక్కడ ప్రహ్లాదుడు తన జాడ కాదు, దేవుడి జాడ చెప్పవలసి వచ్చింది. శ్రీవైష్ణవులు కథల దగ్గర ఆగలేదు, వాదానికి దిగారు. పిల్లి కూనను నోట కరుచుకు పోతుంది, కూన చేసేదేమీ లేదన్నారు తెంగలైవారు. కోతిపిల్ల తల్లి పొట్టను పట్టుకోవాలన్నారు వడగలైవారు. అహోబిల మఠం ఈ రెండో సంప్రదాయానిది.

మామూలు సెల్‌ఫోన్ కాల్ పిల్లి పద్ధతి. అత్యవసర నంబరు 112 నొక్కితే పిలుపు ఏ టవర్ మీదుగా వచ్చిందో కంపెనీకి తెలుస్తుంది. ఇల్లు తెలియకపోయినా ప్రాంతం తెలుస్తుంది. వైఫై కాల్‌కు టవర్ ఉండదు. అది ఇంటర్నెట్ మీదుగా కంపెనీకి చేరుతుంది, వెంట వచ్చే ఐపీ అడ్రస్ ఊరినే తప్పుగా చూపవచ్చు. అందుకే అమెరికాలో వైఫై కాలింగ్ ఆన్ చేసేటప్పుడే అత్యవసర చిరునామా అడుగుతారు. ఇది కోతి పద్ధతి. ఇంటర్నెట్ ఫోన్ కంపెనీలకు 911 అత్యవసర సేవను అక్కడ తప్పనిసరి చేసింది 2005లో. కానీ చిరునామా కదలదు, మనిషి కదులుతాడు. ఆ పద్ధతి ఒక్కదాన్నే నమ్ముకుంటే, నంద్యాల ఇంటి చిరునామా ఇచ్చినవాడు ఆళ్లగడ్డ లాడ్జిలో గుండె పట్టుకుని పిలిచినా అంబులెన్స్ నంద్యాలలో ఆగుతుంది.

అయితే తప్పు కోతి పద్ధతిదేనా? కాదనుకుంటాను. వడగలైవారి ఆచార్యులు వేదాంత దేశికులు శరణాగతిని అనుగ్రహానికి వ్యాజమన్నారు, అంటే ఒక నెపం; మూల్యం అనలేదు. చేతకానితనం, వేరే దిక్కు లేకపోవడం, ఇవే శరణు కోరేవాడికి అర్హతలు. స్థిమితంగా ఉన్న రోజున చిరునామా అడగడం వ్యాజమే. ఆపద వేళ ప్రాణాన్ని దాని మీదే నిలబెడితే అది మూల్యమవుతుంది. పక్షవాతంతో మాట పడిపోయినవాడు దాన్ని ఎలా చెల్లిస్తాడు? ఫోన్ మాత్రం జీపీఎస్‌తో, చుట్టుపక్కల వైఫై సిగ్నళ్లతో తన చోటు తానే పసిగట్టగలదు. అత్యవసర కాల్ వేళ ఆ వివరం దానంతటదే పంపే ఏర్పాటు ఆండ్రాయిడ్ ఫోన్లలో 2016లోనే బ్రిటన్, ఎస్టోనియాల్లో మొదలైంది.

సర్వజ్ఞుడితో కంపెనీకి పోలికేమిటని అడగవచ్చు. సర్వజ్ఞత లేదు గనకే కష్టపడి తెలుసుకోవాలి; తెలుసుకునే సాధనం చేతిలో ఉన్నాక తెలియదనడం చెల్లదు. ఇంకో అభ్యంతరం దీనికన్నా బరువైనది: జాడ ఎప్పుడూ తెలిసే ఏర్పాటు రక్షణ కాదు, నిఘా. నిజమే. అందుకే నంబరు నొక్కిన క్షణానికి ముందు జాడ తీయకూడదు. ఆ నొక్కడమే సమ్మతి, కోతిపిల్ల వంతు అంతటితో సరి. పని ముగిశాక ఆ జాడను చెరిపేయడం విన్నవాడి వంతు.